మూడు చుక్కల మూత

ఆయన రెండు కళ్లూ శుభ్రంగానే ఉన్నాయి. అయినా ఆ వీధిలో అందరికీ ఆయన ఒంటికన్నాయనే. నలభై ఏళ్లకు పైగా కుడికంటికి నల్లటి భూతద్దం బిగించుకుని కూర్చున్నవాడికి ఆ పేరు రాక ఇంకేం వస్తుంది? ఎవరైనా దుకాణం మెట్టెక్కితే ముందు ఎడమకన్ను ఒక్కటే పైకెత్తి చూస్తాడు. ఆ చూపులో రమ్మనడమూ ఉండదు, పొమ్మనడమూ ఉండదు. ‘నువ్వు కూడా వచ్చావా’ అన్నట్టు ఉంటుంది, అంతే.

దుకాణం జెరాక్సు షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుక్కుని, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడితే మూడోవాడు వీధిలోనే ఆగిపోయేంత ఉంటుంది. ఒక బల్ల, ఒక దీపం, సొరుగుల నిండా చనిపోయిన వాచీల ముళ్లూ పళ్లచక్రాలూ. వాచీలు కడిగే పెట్రోలు వాసన గోడలకే పట్టేసింది. ఇంటికెళ్లి ఎన్నిసార్లు సబ్బు పెట్టి కడుక్కున్నా వేళ్లకి అదే వాసన. ఆయన భార్య పెళ్లయిన కొత్తలో ఆ వాసనకి ముక్కు మూసుకునేది. ఇప్పుడు ఆవిడకి అది తెలియనే తెలియదు.

వయసులో ఉన్నప్పుడు ఆయన దగ్గరికి టైము కావలసినవాళ్లు వచ్చేవాళ్లు. ఇప్పుడు టైము అందరి ఫోనుల్లోనూ ఉంది. వచ్చేవాళ్లకి కావలసింది మచ్చలూ గీతలూ. పాత వాచీలు పోగుచేసే పిచ్చి పట్టినవాళ్లు ఊళ్లో పాతికమంది దాకా తేలారు. అప్పట్లో డయలు మీద ఆవగింజంత మచ్చ ఉన్నా ‘కొత్తదానిలా చేసి ఇవ్వు’ అని ప్రాణం తీసేవాళ్లు. ఆయన గీకి, తుడిచి, మళ్లీ రంగు వేయించి ఇచ్చేవాడు. ఇప్పుడు అవే వాచీలు పట్టుకొచ్చి, ‘ఏ దరిద్రుడో బంగారంలాంటి డయలు నాశనం చేశాడండీ’ అని ఆయన ముందే శాపనార్థాలు పెడుతున్నారు. ఆ దరిద్రుడెవరో ఆయనకి బాగా తెలుసు. కిమ్మనకుండా వింటాడు. చేసిన పనే తప్పయి తిరిగొస్తుంటే మనిషికి ఒళ్లంతా ఎంత అలసటగా ఉంటుందో, ఆ పని చేసినవాడికి తప్ప తెలియదు.

ఈ పిచ్చివాళ్లందరికీ పెద్ద దిక్కు లెక్కల మాస్టారు. బడిలో రిటైరయ్యాక ఆయనకి లెక్కలు చెప్పడానికి పిల్లలు కరువై, వాచీల మీద పడ్డాడు. కేసు లోపలి అంచు మీద ఒక అంకె ఉంటుంది, వెనక మూత లోపల ఒక అంకె ఉంటుంది. రెండూ కలిస్తే అసలు వాచీ, కలవకపోతే అతుకుల బొంత. ఆయన తీర్పుకి తిరుగులేదు. ఊరి చివర ఒకప్పుడు పంపుల ఫ్యాక్టరీ ఉండేది. పాతికేళ్లు పనిచేసినవాళ్లందరికీ అది ఒకే రకం ఉక్కు వాచీ బహూకరించేది. ఫ్యాక్టరీ మూతపడి చాలాకాలమైంది. ఆ వాచీలన్నీ సేకరించి లైబ్రరీ హాల్లో ప్రదర్శన పెట్టాలని మాస్టారు పట్టుదలగా తిరుగుతున్నాడు. ఎవరైనా వాచీ తెస్తే ముందు అంకెలు చూడటం, కలవకపోతే చేతిలో పెట్టి పంపేయడం.

అలా పంపేస్తేనే ఒకావిడ ఒంటికన్నాయన దుకాణానికి వచ్చింది. ఆస్పత్రిలో నర్సు. యాభై దాటింది. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, కాళ్లు నిలబడటానికి కూడా ఒప్పుకోవడం లేదు. రుమాలులో చుట్టిన వాచీ బల్ల మీద పెట్టింది.

“బాబాయిగారూ, ఇది మా నాన్నది. ఫ్యాక్టరీవాళ్లిచ్చింది. మాస్టారు చూసి బొంత అన్నారు. మీరొక్కసారి చూసి చెప్పండి.”

“ప్రదర్శనలో పెట్టాలనా అమ్మా?”

“ప్రదర్శన ఎవడిక్కావాలండీ? ఇది మా నాన్నదో కాదో తెలిస్తే చాలు.”

ఆయన స్టూలు జరిపాడు. ఆవిడ కూలబడింది. ఆయన మూత విప్పుతూ ఉంటే, అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

వాళ్ల నాన్న మిషన్ల దగ్గర ఫిట్టరు. మిషను ముట్టుకునే ముందు వాచీలు తీసి గేటు దగ్గర ట్రేలో పడెయ్యాలి. అన్నీ ఒక్కలాంటివే కాబట్టి ఎవరికి వాళ్లు మూత మీద ఏదో గుర్తు కొట్టుకునేవాళ్లు. వాళ్ల నాన్న సూదిమొన ఉలితో మూడు చుక్కలు కొట్టుకున్నాడు. ముగ్గురు పిల్లలని మూడు చుక్కలు. మరుసటేడు ఆఖరివాడు జ్వరంతో పోయాడు. నాలుగేళ్లవాడు. ఆ తర్వాత ఏడాది ఒకరోజు వాళ్లమ్మ ఆ వాచీ తుడవబోతే వెనక చుక్కల్లేవు. నున్నగా ఉంది.

“మా నాన్నకి తాగుడుందండీ. అబద్ధమెందుకు, ఉంది. తాగుడు దగ్గర ఎవడితోనో వాచీ మార్చేసుకున్నాడని అమ్మ అంది. బిడ్డ గుర్తు కూడా అమ్ముకు తాగావు కదయ్యా అని ఒకటే ఏడుపు. ఆయన ఒట్లు పెట్టుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. అన్నయ్య ఇప్పటికీ నమ్మడు. అమ్మ పోయేదాకా ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. నాకప్పుడు పన్నెండేళ్లు.” ఖాళీ రుమాలు మడతపెడుతూ అంది. “నేనూ నమ్మలేదు లెండి.”

మూత ఊడి వచ్చింది. కేసు అంచున మూడు వందల పన్నెండు. మూత లోపల నాలుగు వందల ఎనభై ఏడు. మాస్టారు చూసి ఆగిపోయింది అక్కడే. ఒంటికన్నాయన అక్కడ ఆగలేదు. మూత అంచున, మామూలు కంటికి వెంట్రుకలా కనిపించేంత సన్నగా, సూదితో గీసిన అంకె ఉంది. అది తన చేతిరాత. వాచీ దుకాణంలోకి రాగానే, మూత తీసి, లోపలి మిషను విప్పకముందే, మూత లోపల తన వరుస నంబరు గీసుకోవడం ఆయనకి గురువుగా ఉన్న మేనమామ నేర్పిన అలవాటు.

ఆ నంబరు పక్కన చిన్న సున్న ఉంది.

సున్న అంటే అయినవాళ్లదని. పైసా తీసుకోకూడదని తనకు తాను పెట్టుకున్న గుర్తు. ఆయన జన్మలో పరాయివాళ్ల వాచీకి సున్న పెట్టలేదు. ఆ కాలంలో ఫ్యాక్టరీ వాచీ కట్టుకున్న అయినవాడు ఆయనకి ఒక్కడే ఉన్నాడు. మామగారు.

భూతద్దం కంటికుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆవిడ ఆయన మొహం చదివేసేది.

“ఎల్లుండి రండమ్మా,” అన్నాడు. “కాస్త నిదానంగా చూడాలి.”

“ఆయనది కాదని తేలినా ఫర్వాలేదు బాబాయిగారూ. ఏదో ఒకటి చెప్పండి. నలభై ఏళ్లుగా అటా ఇటా అని ఆలోచించి అలిసిపోయాను.”

ఆవిడ వెళ్లాక ఆయన ఇంకో వాచీ ముట్టుకోలేదు.

అసలు సంగతి ఇలా జరిగింది. పెళ్లి కుదిరిన కొత్తలో కాబోయే మామగారు, ఫ్యాక్టరీ స్టోర్సులో గుమాస్తా, తన వాచీ శుభ్రం చేయమని పంపాడు. అల్లుడి పనితనం ఏపాటిదో చూద్దామనుకున్నాడు. ఆయనకి మిషన్లతో పనిలేదు కాబట్టి ఆ మూతకి ఏ గుర్తూ లేదు. అదే రోజు ఎవరో ఫిట్టరు వాచీ కూడా వచ్చింది. ఒక గిన్నెలో ఒక్క వాచీనే కడగాలన్నది మేనమామ చెవిలో జోరీగలా నూరిపోసిన నియమం. ఆ రోజు మాత్రం తొందర. మామగారు స్వయంగా వచ్చి తీసుకుంటానన్నాడు. రెండు మూతలూ ఒకే పెట్రోలు గిన్నెలో పడేశాడు. కుంచెతో తోముతూ ఉంటే గుమ్మంలో చప్పుడైంది. తలెత్తితే మామగారి వెనక ఆయన కూతురు నిలబడి ఉంది. ఆ తర్వాత ఏ మూత ఏ వాచీకి బిగించాడో దేవుడికే తెలియాలి. పాతికేళ్లవాడి కళ్లు మూతల మీద ఎక్కడుంటాయి?

అక్కడితో అయిపోతే అది పొరపాటు. కానీ అక్కడితో అయిపోలేదు. నెలో రెండు నెలలో పోయాక ఒక మనిషి వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని, నోట్లోంచి కాస్త వాసన కొడుతూ, ‘మూతేమన్నా మారిందేమో చూడు బాబూ’ అని అడిగాడు. కుర్రతనం, కొత్త పెళ్లికొడుకు పొగరు. ‘మా దగ్గర అలాంటివి జరగవు, తాగి వచ్చి మాట్లాడకు’ అని పంపేశాడు. మూత విప్పి చూడటానికి అర నిమిషం పట్టేది. ఆ మనిషి టోపీ పెట్టుకుని మెట్టు దిగాడు. ఆ మొహం ఆయనకి ఇప్పుడు ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. టోపీ గుర్తుంది.

సాయంత్రం ఇంటికెళ్తే భార్య ఎప్పటిలాగే ఉంది. చేతికి ఆ వాచీ ఎప్పటిలాగే ఉంది. మామగారు పోయి పాతికేళ్లు. అప్పటినుంచీ ఆవిడే కట్టుకుంటుంది. మగవాళ్ల వాచీ, సన్నటి మణికట్టు, పట్టీకి అదనంగా రెండు బెజ్జాలు పొడిపించింది. పొద్దున్న ఏడింటికి విప్పి, కీ ఇస్తూ, బొటనవేలితో వెనక మూత నిమురుతుంది. ఆ మూత మీద మూడు గుంటలున్నాయి. అవి తన పాలపళ్ల గుర్తులని ఆవిడ నమ్మకం. చిన్నప్పుడు ఈ పిల్ల చేతికందిందల్లా కొరికేదని మేనత్త ఒకసారి మాటవరసకి అంది. అంతే, ఆవిడ కథ అల్లేసుకుంది. నాన్న ఒళ్లో కూర్చుని వాచీ కొరికానని, ఆయన తిట్టకుండా నవ్వుతూ ఊరుకున్నాడని. వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది. తండ్రి పోయేటప్పుడు ఆవిడ దగ్గర లేదు. వెళ్లేసరికి అంతా అయిపోయింది. మిగిలింది ఆ వాచీ, ఆ గుంటలు.

ఉక్కు మీద పాలపళ్లు దిగవని వాచీలు బాగుచేసేవాడికి తెలియదా? పైగా మామగారికి వాచీ వచ్చేసరికి ఆవిడకి ఇరవై ఏళ్లు. ఆ లెక్క ఆవిడ ఎప్పుడూ వేయలేదు. ఆయన వేశాడు, వేసి ఊరుకున్నాడు. ఇంకోటి కూడా ఉంది. మామగారు పోయిన ఏడాది ఆ వాచీ విప్పితే మూత లోపల సున్న కనపడలేదు. ఆ రోజు గీయడం మరిచిపోయి ఉంటానని తనకి తాను చెప్పుకుని మూసేశాడు. ఊళ్లోవాళ్లందరి వాచీల్లో అంకెలు వెతికి నిజానిజాలు తేల్చేవాడు, ఇంట్లో వాచీ అంచు మీదికి భూతద్దం పోనివ్వలేదు. పోనిస్తే ఏం కనపడుతుందో లోపల ఎక్కడో తెలిసే ఉంటుంది.

అన్నం ముందు కూర్చుని ఆయన లెక్కలు వేశాడు. కేసు, మిషను, డయలు, ముళ్లు, అన్నీ ఫిట్టరువే. ‘మీ నాన్నదేనమ్మా, మూత ఎక్కడో మారి ఉంటుంది’ అని నర్సుతో అంటే చాలు. అబద్ధం కాదు. ఎక్కడ మారిందని ఆవిడ అడగకపోవచ్చు. కానీ వాళ్ల అన్నయ్య అడుగుతాడు. ‘ఎక్కడ మారుతుంది, తాగుడు దగ్గరే’ అని తనే జవాబు కూడా చెప్పుకుంటాడు. చచ్చిపోయిన మనిషి మళ్లీ అబద్ధాలకోరుగానే మిగిలిపోతాడు. ఒప్పుకుంటే ఇంట్లో ఈవిడ తండ్రి ఒళ్లోంచి దిగిపోవాలి.

“ఏంటి, అన్నంలో వేళ్లు పెట్టుకుని నిద్రపోతున్నారా?” అంది భార్య.

“అలిసిపోయానే.”

“మీరెప్పుడు అలిసిపోలేదు గనక,” అంటూ మంచినీళ్లు దగ్గరికి జరిపింది.

పొద్దున్న ఏడింటికి ఆవిడ వాచీ విప్పింది. కీ ఇవ్వడం అయ్యేదాకా ఆగి ఆయన చెయ్యి చాపాడు.

“ఒకసారి ఇలా ఇవ్వు.”

“బాగానే నడుస్తోందిగా?”

“ఇవ్వు.”

కిటికీ దగ్గర కూర్చుని మూత విప్పాడు. కేసు అంచున నాలుగు వందల ఎనభై ఏడు, మూత లోపల మూడు వందల పన్నెండు. పక్కన తన వరుస నంబరు, నర్సమ్మ మూతలో ఉన్నదానికి సరిగ్గా తర్వాతది. సున్న లేదు. చూసేముందే తెలుసు.

నీళ్లు నమలకుండా చెప్పాలనుకున్నాడు కానీ నమిలాడు. ముందు గిన్నె సంగతి చెప్పాడు, తర్వాత ఫిట్టరు సంగతి, పోయిన పిల్లవాడి సంగతి, టోపీ సంగతి. చుక్కల మాట చివరికి వచ్చింది. ఆవిడ అడ్డు రాకుండా వింది.

“అయితే ఇవి నా పళ్లు కావు,” అంది.

“కావు.”

“మీకెప్పటినుంచి తెలుసు?”

“మూత మారిందని నిన్ననే...”

“మూత సంగతి కాదు. పళ్లు కావని.”

ఆయన తల దించుకున్నాడు. “మొదటినుంచీ.”

ఆవిడకి అప్పుడొచ్చింది కోపం. “ఇన్నేళ్లూ పక్కన కూర్చుని, నేను వచ్చేపోయేవాళ్లందరికీ చెప్తుంటే వింటూ కూర్చున్నారా? పిచ్చిదానిలా వాగుతోంది, వాగనీలే అనుకున్నారా?”

“కాదే. నువ్వు సంతోషంగా చెప్పేదానివి. ఎలా కాదంటాను?”

“ఆ మూతలు కలిసిపోయిన రోజు... నేను వచ్చిన రోజేనా?”

“నిన్ను చూస్తూ బిగించాను.”

“అంటే నాదే తప్పంటారు.”

“నాదేనే. పూర్తిగా నాదే.”

ఆవిడ లేచి లోపలికి వెళ్లింది. గిన్నెలు కడిగిన చప్పుడు చాలాసేపు వినిపించింది. అంతసేపు కడగాల్సినన్ని గిన్నెలు ఆ ఇంట్లో లేవు. ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. మర్నాడు ఆయన చెప్పులు వేసుకుంటూ ఉంటే తనూ వేసుకుంది.

“ఎక్కడికి?”

“దుకాణానికి. వాచీ నాది. మూత నేనే ఇస్తాను.”

నర్సమ్మ మధ్యాహ్నం వచ్చింది. ఒంటికన్నాయన ఆ రోజు భూతద్దం కంటికి పెట్టుకోలేదు. రెండు కళ్లతోనూ ఆవిడ మొహంలోకి చూస్తూ చెప్పాడు. ఇది మీ నాన్న వాచీయేనని, ఆయన ఎవరితోనూ మార్చుకోలేదని, మూత మార్చింది తనేనని. అంతటితో ఆపేయాలని నోరు ప్రయత్నించింది. ఆపలేదు.

“ఆయన వచ్చి అడిగారమ్మా. మూత మారిందేమో చూడమన్నారు. తాగొచ్చావని కసిరి పంపేశాను. విప్పి చూడలేదు.”

“వచ్చి అడిగాడా?”

“అడిగారు.”

“ఇంట్లో చెప్పలేదు. అడిగానని కూడా ఎవరికీ చెప్పలేదు.” తర్వాత చాలా మెల్లగా అంది. “మా అమ్మ ఉండగా చెప్పాల్సింది బాబాయిగారూ.”

క్షమించమని అడగాలనుకుని, ఆ మాట అడిగే అర్హత కూడా వెతుక్కోవాల్సి వచ్చి, ఆయన వాచీల మీదికి వంగాడు. రెండు వాచీలూ పక్కపక్కన పెట్టి మూతలు విప్పి, మార్చి బిగించాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఒక కొంప కూల్చిన పని ఇంత తేలిగ్గా సరైపోయింది.

ఫిట్టరు వాచీ ఆయన అందించబోతే భార్య మధ్యలో అందుకుంది. తిప్పి, మూడు చుక్కలూ నర్సమ్మకి చూపించింది.

“ఈ మూడింట్లో నువ్వెవరమ్మా?”

నర్సమ్మ కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది. “పైది అన్నయ్య. ఈ పక్కది నేను. ఇదిగో, ఇది లోతుగా ఉంది చూడండి, ఇది చిన్నోడు. నాన్న కొడుతుంటే పక్కన నిలబడి ‘నాది ఇంకోసారి, ఇంకోసారి’ అని గోల చేశాడు. వాడికి మాత్రం రెండు దెబ్బలు వేశాడు నాన్న.”

“నా వేలు అక్కడే ఆగేది,” అంది భార్య. “పాతికేళ్లమ్మా. ఒక్కరోజు కూడా మానలేదు. రోజూ పొద్దున్నే వాణ్ణి నిమిరాను.”

నర్సమ్మ అంతవరకూ ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది. ఆ ఇరుకు దుకాణంలో ఇద్దరు ఆడవాళ్లు ఒకరి చేతులొకరు పట్టుకుని నిలబడితే ఒంటికన్నాయనకి చోటు లేక, బల్ల వెనక గోడకి ఆనుకున్నాడు. వెళ్లేముందు నర్సమ్మ మెట్టు మీద నిలబడే అన్నయ్యకి ఫోను చేసింది. ‘నాన్న అమ్ముకోలేదురా’ అన్న మాట ఒక్కటే వీధి చప్పుళ్లలోంచి వినిపించింది. అవతల ఆయన ఏమన్నాడో తెలియదు. ఫోను చాలాసేపు ఆవిడ చెవి దగ్గరే ఉంది.

మర్నాడు ఏడింటికి భార్య వాచీ విప్పి కీ ఇచ్చింది. బొటనవేలు అలవాటుగా వెనక్కి వెళ్లింది. నున్నటి మూత మీద అటూ ఇటూ తిరిగింది. ఎక్కడా ఆగలేదు.

“మా నాన్న ఏ గుర్తూ పెట్టుకోలేదేమండీ?”

“ఆయనకి అవసరం పడలేదే. వాచీ ఎప్పుడూ చేతికే ఉండేది కదా.”

ఆవిడ మూత మీంచి వేలు తీసింది.

“అవున్లెండి. తీసి ఇచ్చిందల్లా ఒక్కసారేగా. అదీ అల్లుడి చేతికి. గుర్తెందుకు?”

ఎత్తిపొడుపుగా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అంది. వాచీ కట్టుకుని, పట్టీ బిగించుకుని, ఆయనకి టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.